పుల్పిట్ ఎక్కిన ఇంటి మాట: ఒక సంఘం, ఒక ప్రసంగం, ఏడాదిన్నర

ఒకరు నమ్మి చెప్పిన ఇంటి మాటను పుల్పిట్ (ప్రసంగ వేదిక) మీదికి తెచ్చిన కేసు ఇది. ఆ తప్పు చేసిన కాపరిని, అంటే పాస్టరుని, నేనే. ఇందులో ఉన్న రెండు కుటుంబాలనూ అడిగి, వాళ్లు సరే అన్నాకే రాస్తున్నాను. ఊరి ఆనవాళ్లు తీసేశాను, తగాదా వివరాలు కొన్ని మార్చాను. వారం వారం వాక్యం చెప్పే తోటి కాపరుల కోసం ఇది. ముఖ్యంగా ఏ ఆదివారం ఏ వాక్యం తీసుకోవాలో తామే నిర్ణయించుకునేవాళ్ల కోసం.

సంఘం

కోస్తాలో మిరప, వరి పండే ఊరు. అరవై కుటుంబాల బాప్టిస్టు సంఘం. సగానికి పైగా కూలిపనికి వెళ్లేవాళ్లు, కొన్ని ఇళ్లలో టీచర్లు, చిన్న ఉద్యోగులు ఉన్నారు. ఆదివారం పదింటికి ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, వారంలో మూడు నాలుగు గృహకూడికలు.

సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాల్లో ఏ ఆదివారానికి ఏ పాఠాలో చెప్పే పట్టిక ఉంటుంది. మాకు లేదు. శనివారం రాత్రి ప్రార్థనలో దేవుడు ఏ వాక్యం ఇస్తే అది చెప్తాం అంటాం. పదకొండేళ్లు నేనూ అలాగే చెప్పాను, ఆ వాక్యాలతో ఆదరణ పొందినవాళ్లూ ఉన్నారు. ఆ పద్ధతిని తక్కువ చేయడం లేదు. కానీ ఈ కేసు అక్కడే మొదలైంది.

ఏం జరిగింది

ఆగస్టులో ఒక బుధవారం. గృహకూడిక అయ్యాక అందరూ వెళ్లిపోయారు, ఆ ఇంటాయన నన్ను ఆపాడు. తండ్రి పోయాక ఇంటి స్థలం మొత్తం అన్న తన పేరున రాయించుకున్నాడని చెప్పి ఏడ్చాడు. "ఎవరికీ చెప్పుకోలేక మీకు చెబుతున్నానయ్యగారూ" అన్నాడు. ఆ అన్న మా సంఘ పెద్ద, కోశాధికారి. ఇరవై ఏళ్లుగా కానుకల లెక్క పైసా తేడా రాకుండా రాసిన మనిషి.

నేను అన్న దగ్గరికి వెళ్లలేదు. ఆయన వైపు మాట ఏమిటో వినలేదు. శనివారం రాత్రి బైబిలు తెరిస్తే లూకా సువార్త 12వ అధ్యాయం కనబడింది. పిత్రార్జితంలో పాలు పంచిపెట్టమని అన్న మీద యేసుకు ఫిర్యాదు చేసినవాడి మాట, వెనుకే ధాన్యపు కొట్లు విప్పి పెద్దవి కట్టుకోవాలనుకున్న ధనవంతుడి ఉపమానం. ఇది దేవుడిచ్చిన వాక్యమే అని గట్టిగా నమ్మాను.

ఆదివారం ఎవరి పేరూ ఎత్తలేదు. "తోడబుట్టినవాడి నోటి ముద్ద తీసి కొట్లు కట్టుకునేవాళ్లు మన మధ్య కూడా ఉన్నారు" అన్నాను. రెండో వరసలో కోశాధికారి కానుకల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సంచి మూతి తాడును వేలికి చుడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ చుడుతున్నాడు. నాకు అది కనబడుతూనే ఉంది. అయినా ఇంకో పది నిమిషాలు అదే మాట మీద నిలబడ్డాను.

ఆరాధన అయ్యాక ఆయన ఎప్పటిలాగే కానుకలు లెక్కపెట్టి, రిజిస్టరులో రాసి, సంతకం చేశాడు. బీరువా తాళంచెవి ఆ పుస్తకం మీద పెట్టి వెళ్లిపోయాడు. తర్వాతి ఆదివారం రాలేదు. నెల తిరిగేసరికి ఆయన వైపు బంధువుల ఆరు ఇళ్లు ఆగిపోయాయి.

ఆ ఖాళీ బల్లలు అందరికీ కనబడ్డాయి. అంతకన్నా పెద్ద నష్టం నాకు ఆలస్యంగా తెలిసింది. గృహకూడికల్లో అంతకుముందు ప్రార్థన మనవులు అడిగితే మాటలు వచ్చేవి. కొడుకు తాగుడు, చిట్టీ బాకీ, కూతురి కాపురం. ఇప్పుడు ఎవరింట్లో అడిగినా "అంతా బాగానే ఉందయ్యగారూ, ప్రార్థన చేయండి" అంటున్నారు. తమ్ముడి ఇంట్లో కూడా అదే మాట. నాతో చెప్పిన మాట ఆదివారానికి మైకులో వస్తుందని ఊరికి అర్థమైంది.

పనిచేయని మూడు ప్రయత్నాలు

మొదట ఇద్దరు సంఘ పెద్దలను వెంటబెట్టుకుని కోశాధికారి ఇంటికి వెళ్లాను. మాట తేడా వస్తే సాక్షులుగా ఉంటారని తీసుకెళ్లాను. అంటే రాజీ కోసం వెళ్తూనే నన్ను నేను కాపాడుకునే ఏర్పాటు చేసుకున్నానన్నమాట. "నేను ఎవరినీ ఉద్దేశించి అనలేదు, వాక్యంలో ఉన్నదే చెప్పాను" అన్నాను. ఆయన కాఫీ ఇప్పించాడు. "వాక్యమే చెప్పారు లెండి అయ్యగారూ. వాక్యాన్ని ఎవరు కాదంటారు?" అన్నాడు. ఆ మర్యాద ముందు ఇంకేం మాట్లాడాలో తెలియక లేచి వచ్చేశాం. నేను చెప్పింది అబద్ధమని మా నలుగురికీ తెలుసు.

రెండోది, ఎవరికీ తగలని వాక్యాలు తీసుకోవడం. ఆదరణ మాటలే చెబితే గాయం మానుతుందనుకుని రెండు నెలలు కీర్తనలే చెప్పాను. 23, 91, 121. ఇరవై మూడో కీర్తనలో "నా శత్రువులయెదుట నీవు నాకు భోజనము సిద్ధపరచుదువు" అనే చోటికి వచ్చేసరికి నాలుగైదు తలలు తమ్ముడి వైపు తిరిగాయి. బయట చెప్పులు వేసుకుంటూ "ఇవాళ వాళ్లనే అన్నారు" అని ఒకామె పక్కామెతో అనడం విన్నాను. పసిపిల్లలు కూడా అప్పజెప్పే కీర్తన అది! అందులో కూడా నా చేతిలోని బాణాన్నే వెతుక్కున్నారు.

కేసు మొత్తంలో నా ఆలోచనను మార్చింది ఆ చెప్పుల దగ్గర మాటే. అప్పటిదాకా ఏం చెప్పాలా అని చూస్తున్నాను. జనం మాత్రం నేను ఏం చెబుతున్నానో కాదు, ఈ వాక్యం ఎందుకు ఏరుకున్నానో చూస్తున్నారు. ఏరుకునేది నేనైనంత కాలం ఎంత మెత్తటి వాక్యం తీసుకున్నా అనుమానం పోదు. అయితే అప్పుడు నాకు సగమే అర్థమైంది. అందుకే మూడో తప్పు చేశాను.

మే నెలలో మూడు రాత్రుల ఉజ్జీవ కూటాలు పెట్టి, వేరే జిల్లా నుంచి ప్రసంగీకుణ్ణి పిలిపించాను. బయటి మనిషి కాబట్టి ఆయన ఏ వాక్యం తీసినా అనుమానం ఉండదనుకున్నాను. కోశాధికారి భార్య మొదటి రాత్రి వచ్చింది. రెండో రాత్రి ఆ ప్రసంగీకుడు, అన్న తమ్ముణ్ణి చంపిన కయీను హేబెలుల వాక్యం తీశాడు. భోజనాల దగ్గర ఎవరో తగాదా సంగతి ఆయన చెవిన వేశారట. మూడో రాత్రి ఆమె రాలేదు. ఆయనకు నేను చెప్పలేదని ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు.

దారి మళ్లిన చోటు

నాకన్నా చాలా పెద్దవారు, రిటైరైన ఒక కాపరికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "నువ్వు ఏరుకోవడం మానెయ్. ఒక పుస్తకం పట్టుకుని వరసగా వెళ్లు" అన్నారు.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. నాలుగో శతాబ్దం చివర్లో అంతియొకయలో యోహాను క్రిసోస్టమ్ మత్తయి సువార్త మీద వరసగా చెప్పిన 90 ప్రసంగాలు ఇప్పటికీ ఉన్నాయి. 1519 జనవరి 1న జ్యూరిక్‌లో సంస్కర్త జ్వింగ్లీ పట్టిక పక్కనబెట్టి మత్తయి మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టాడు. నన్ను ఎక్కువగా ఆపింది మరో సంస్కర్త కాల్విన్ సంగతి. 1538లో జెనీవా ఆయన్ను వెళ్లగొట్టింది. 1541 సెప్టెంబరులో మళ్లీ వాళ్లే పిలిపించారు. మొదటి రోజు అందరూ మందలింపు కోసం చెవులు రిక్కించి కూర్చున్నారు. ఆయన పాత గొడవ ఊసెత్తకుండా, మూడేళ్ల కిందట ఏ వచనం దగ్గర ఆపాడో అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టాడు. పుల్పిట్ తన కోపానిది కాదని చెప్పడానికి ఇంతకన్నా సూటి పని ఏముంటుంది?

జూన్ మొదటి ఆదివారం మత్తయి 5తో మొదలుపెట్టాను. మూడు పనులు కలిపి చేశాను. మొదటిది, మూడు నెలలకు సరిపడా ఏ ఆదివారం ఏ వచనాలో పాత క్యాలెండరు వెనక స్కెచ్‌పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసి గుడి తలుపుకు అంటించాను. ఫొటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. సంఘంలో చావో, ప్రమాదమో జరిగితే తప్ప వరస తప్పనని, తప్పితే ఎందుకో ముందే చెబుతానని కింద రాశాను. రెండోది, ఇంట్లో విన్న మాట పుల్పిట్ ఎక్కదు, ఉదాహరణగా కూడా రాదు, పేరు మార్చి కూడా రాదు అని సంఘానికి మాట ఇచ్చాను. మూడోది, వచ్చే ఆదివారం వాక్యాన్ని బుధవారం సాయంత్రం గుడి వసారాలో చదవడం. పదో తరగతి చదివే ఒక పిల్ల చదువుతుంది. మొదటి అరగంట నేను మాట్లాడకూడదు.

ఈ మూడో దానికి కారణం ఉంది. వాక్యం నేను ఏరుకోకపోయినా అందులో దేన్ని నొక్కి చెప్పాలన్నది నా చేతిలోనే ఉంటుంది. అక్కడ కూడా బాణం దూరుతుంది. పదిమంది ముందే చదివి, వాళ్లకు ఏం వినబడిందో చెబితే, ఆదివారం నేను పక్కకు తప్పుకున్నా వాళ్లకు తెలిసిపోతుంది.

మొదటి రెండు నెలలు పెద్దగా ఏమీ జరగలేదు. బుధవారం నలుగురైదుగురు వచ్చేవాళ్లు. "మనిషికి అవసరమైన వాక్యం దొరకడం లేదయ్యగారూ" అని ఒక పెద్దాయన బాధపడ్డాడు. ఆ మాటలో నిజం ఉంది. సెప్టెంబరులో ఒక పడుచు పిల్లవాడు బండి ప్రమాదంలో పోయాడు. ఆ ఆదివారం పట్టికలో ఉన్నది బయెల్జెబూలు వాదన, యేసు దయ్యాల అధిపతి సాయంతోనే దయ్యాలను వెళ్లగొడుతున్నాడన్న నింద. తలుపు మీద కాగితం తీసి, ఎందుకు తీశానో రాసి, లాజరు చావు గురించిన యోహాను 11 చెప్పాను. అది సరైన పనే. వరస తప్పకూడదని పట్టుబట్టి ఆ తల్లి ముందు దయ్యాల వాదన చదివి ఉంటే, ఏరుకునే జబ్బు పోయి అంతకన్నా పెద్దది పట్టేది.

అక్టోబరు నుంచి కోశాధికారి భార్య వెనక బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. నేను ఆమెను ప్రత్యేకంగా పలకరించలేదు. పలకరిస్తే నలుగురూ చూస్తారు.

పద్దెనిమిదో అధ్యాయం

డిసెంబరులో తర్వాతి మూడు నెలల కాగితం రాస్తుంటే చెయ్యి ఆగింది. జనవరి రెండో ఆదివారానికి మత్తయి 18:15 వస్తోంది. "నీ సహోదరుడు నీయెడల తప్పిదము చేసినయెడల" నువ్వే పోయి, అతడూ నువ్వూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు అనే వాక్యం. వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు, వాళ్ల మాటా వినకపోతేనే సంఘానికి చెప్పు.

దాటేయాలనిపించింది. సంక్రాంతి దగ్గర్లో ఉంది, పండక్కి ఊరికి వచ్చేవాళ్లుంటారు, అందరికీ పనికొచ్చే వాక్యం చెబితే పోలా అని సాకు కూడా దొరికింది. కానీ ఇది దాటేస్తే ఆర్నెల్ల పని వృథా. అలాగని మామూలుగా చెప్పేస్తే మళ్లీ ఆ అన్నదమ్ముల మీదే అనుకుంటారు. రాసి అంటించాను, తర్వాత ఆ వాక్యంతో ఒంటరిగా కూర్చున్నాను.

అప్పుడు కనబడింది. ఆ వాక్యంలో ఉన్న మూడు మెట్లనూ నేను తలకిందులుగా ఎక్కాను. ముందు సంఘానికి చెప్పాను. తర్వాత ఇద్దర్ని తీసుకెళ్లాను. ఒంటరిగా మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. కొన్ని ప్రాచీన ప్రతుల్లో "నీయెడల" అనే మాట లేదంటారు. ఉన్నా లేకున్నా "ఒంటరిగా" అన్నది ఉంది. మళ్లీ లూకా 12 తీసి చూసుకున్నాను. స్థలం పంచమని అడిగినవాడికి యేసు ఏమన్నాడు? మీ మీద తీర్పరిగా నన్నెవడు నియమించాడు అన్నాడు. ఆయన వద్దన్న కుర్చీలో, ఆయన మాటే పట్టుకుని నేను కూర్చున్నాను. ఆ వచనాన్ని ఆ రోజు గబగబా చదివేసి ధనవంతుడి దగ్గరికి పరుగెత్తాను.

ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది. నేను ముందుగా గాయపరిచింది అన్నను కాదు, తమ్ముణ్ణి. నమ్మి చెప్పిన మాటను బజార్లో పెట్టాను. ఇంటిగుట్టు మోశాడన్న పేరు అతనికి తెచ్చాను. ఏడాదిన్నరగా అందరం అన్న వైపే చూస్తున్నాం.

ఆ సోమవారం తమ్ముడి ఇంటికి ఒక్కడినే వెళ్లాను. మంగళవారం అన్న ఇంటికి వెళ్లాను. ఈసారి వాక్యం మాట ఎత్తలేదు. "మిమ్మల్ని ఉద్దేశించే అన్నాను. మిమ్మల్ని అడగకుండా అన్నాను. అనలేదని మీ ఇంట్లో కూర్చుని అబద్ధం ఆడాను" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "పద్దెనిమిదో అధ్యాయం తేదీ తలుపు మీద చూశానయ్యగారూ. దాటేస్తారేమోనని చూస్తున్నా."

సంఘం ముందు కూడా ఒప్పుకుంటానన్నాను. "సంఘం ముందు అన్నారు కాబట్టి సంఘం ముందే చెప్పండి. స్థలం సంగతి మాత్రం ఎత్తొద్దు" అన్నాడు. దీన్ని ప్రసంగంలో పెట్టకూడదనుకున్నాను. ప్రసంగంలో పెడితే నా ఒప్పుకోలు కూడా ఒక ఉదాహరణ అయిపోతుంది, జనం కళ్లు తుడుచుకుంటారు, నాకు మంచి పేరు వస్తుంది. ప్రకటనల సమయంలో పుల్పిట్ దిగి, కింద నిలబడి, మూడు వాక్యాలు చెప్పాను. నమ్మి చెప్పిన మాటను పుల్పిట్ మీదికి తెచ్చాను. వేరొకరి వైపు మాట వినకుండా తీర్పు తీర్చాను. ఆ రెండు ఇళ్లనూ, మిమ్మల్నీ క్షమించమని అడుగుతున్నాను. తర్వాత పైకెక్కి 18:15 నుంచి 20 వరకు చెప్పాను. అన్న ఆ రోజు రెండో వరసలో కాదు, భార్య పక్కన, వెనక బల్ల మీద కూర్చున్నాడు.

అయిదు గంటల కూలీలు

ఫిబ్రవరిలో మిరపకోతల మధ్య మత్తయి 20 వచ్చింది, ద్రాక్షతోట కూలీల ఉపమానం. పొద్దున వచ్చినవాళ్లకూ, సాయంత్రం అయిదింటికి వచ్చినవాళ్లకూ యజమాని ఒకే దేనారం ఇస్తాడు. బుధవారం ఆడవాళ్లు కోత నుంచి నేరుగా వచ్చారు. వసారా అంతా మిరప ఘాటు. చేతులు మండుతుంటే కొంగుతో పట్టుకుని కూర్చున్నారు. పిల్ల చదివింది: అయిదు గంటలకు వెళ్లి, దినమంతా ఊరకనే ఎందుకు నిలిచి ఉన్నారని అడిగితే, "ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదనిరి."

ఈ ఉపమానం అంతకుముందు నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ అయిదింటివాళ్లంటే ఆలస్యంగా మారుమనస్సు పొందినవాళ్లని, కాలం వృథా చేసినవాళ్లని చెప్పాను.

డెబ్బై దాటిన ఒక అవ్వ అడ్డం వచ్చింది. "వాళ్లు సోమరులు కాదు నాయనా. పొద్దున ఆటో వచ్చినప్పుడు నేను సెంటర్లోనే నిలబడి ఉంటా. మేస్త్రి కాళ్లూ చేతులూ గట్టిగా ఉన్నవాళ్లను ఎక్కించుకుంటాడు. నన్ను చూసి మొహం అటు తిప్పుకుంటాడు. ఇంటికెళ్తే కోడలు చూస్తుందని పొద్దెక్కేదాకా అక్కడే ఉంటా." ఆ వసారాలోనే ముఠా కట్టి తీసుకెళ్లే ఆమె కూడా కూర్చుని ఉంది. ఆమె ఏమీ అనలేదు. ఒక దేనారం అంటే ఎంత అని ఎవరో అడిగారు. ఒక రోజు కూలి అన్నాను. "అయితే ఆ యజమాని వాళ్ల పనికి కాదు, వాళ్ల పొయ్యికి కట్టిచ్చాడు" అంది అవ్వ.

ఆదివారం ఆ మాటనే చెప్పాను, ఆమెను అడిగి, ఆమె పేరుతోనే. ఇంట్లో విన్న మాటకూ, వాక్యం చుట్టూ కూర్చుని అందరి ముందు అన్న మాటకూ తేడా ఉంది. రెండోది సంఘం సొత్తు. అయినా అడిగాను. ఆ వారం అవ్వను ఆటోలో ఎక్కించుకున్నారని తర్వాత తెలిసింది. నేను ఎవరికీ చెప్పలేదు.

ఇప్పటి పరిస్థితి, కొన్ని హెచ్చరికలు

స్థలం తగాదా తేలలేదు. ఊరి పెద్దల దగ్గర నలుగుతోంది. అన్నదమ్ములిద్దరూ ఆదివారం వస్తున్నారు, ఇద్దరూ ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో) పాల్గొంటున్నారు. ఆరు ఇళ్లలో నాలుగు తిరిగి వచ్చాయి, రెండు వేరే సంఘంలో స్థిరపడ్డాయి. తాళంచెవి మళ్లీ తీసుకోమని అన్నను అడిగితే వద్దన్నాడు. లెక్క మాత్రం నెలకోసారి వచ్చి సరిచూస్తున్నాడు.

వరసగా చెప్పడం మందు అని నేను అనను. వరసలో ఉంటూనే మనిషిని పొడవడం కుదురుతుంది, గొంతు పెంచితే చాలు. ఇంటి మాట పైకి రానివ్వనన్న మాటే ఎక్కువ పనిచేసిందని నా అంచనా. తలుపు మీది కాగితం ఆ మాటకు అందరికీ కనబడే రుజువు. ఇలాంటి స్థితిలో ఉన్న కాపరులు నన్ను అడిగితే ముందు హాజరు పట్టిక చూడొద్దంటాను. గృహకూడికలో మనవులు అడిగినప్పుడు ఎంతసేపు మౌనం ఉంటోందో చూడమంటాను. బయటి ప్రసంగీకుణ్ణి పిలవడం ఆఖరి పని కావాలి. ఒప్పుకోవడానికి ఏడాదిన్నర ఆగాను. పద్దెనిమిదో అధ్యాయం వచ్చేదాకా ఆగనక్కర్లేదు, అది మొదటి వారమే చేయాల్సిన పని.

పోయిన నెల కోశాధికారి ఇంట్లో గృహకూడిక. పాట, వాక్యం, ప్రార్థన అయ్యాయి. మనవులు అడిగాను. "అంతా బాగానే ఉంది" అంటారనుకున్నాను. ఆయన భార్య పళ్లెంలోని గ్లాసులు ఒక పక్కకు జరిపి, "అయ్యగారూ, ఇది పైకి ఎక్కదు కదా?" అని అడిగింది. ఎక్కదమ్మా అన్నాను. భర్త వైపు ఒకసారి చూసి చెప్పడం మొదలుపెట్టింది. దాదాపు గంటసేపు చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను.